ఆఫ్రికా చేప

తొట్టెలో నీళ్లు మార్చడం నాగవల్లి పని. చేపల సరదా మొగుడు శ్రీనివాసరాజుది, బక్కెట్లు మొయ్యడం ఆమెది. భీమవరంలో రొయ్యల చెరువులున్న మనిషికి హాల్లో గాజుతొట్టె లేకపోతే పరువు తక్కువట! మద్రాసు నుంచి ఒంటినిండా గోధుమరంగు మచ్చలున్న ఆఫ్రికా చేపని తెప్పించి, చిన్న చేపల మధ్య వదిలాడు. అప్పటినుంచీ చిన్నవి తగ్గిపోతున్నాయి. చచ్చి తేలినవీ కనపడటం లేదు.

"చెరువులో రొయ్యపిల్ల తగ్గిందంటే నీళ్లు తేడా. ఇక్కడా అంతే. చచ్చినవాటిని నాకు తెలీకుండా పారేస్తున్నావా ఏంటి?" అన్నాడు.

అత్తగారు సూర్యకాంతమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. "దాని చెయ్యి మంచిది కాదురా." నాగవల్లికి రెండుసార్లు కడుపు పోయింది మరి. పురిటికొచ్చిన ఆడపడుచు ప్రసన్నకుమారి కూతుర్ని కోడలు ఎత్తుకోకూడదని ఆ రోజే కట్టడి పెట్టేసింది. పాపకి నీళ్లు కాచేది, గుడ్డలుతికేది, సాంబ్రాణికి నిప్పులు తెచ్చేది నాగవల్లే. ఎత్తుకోవడం మాత్రం వద్దు. ఏం న్యాయం ఇది? ఒక్కసారి ఆ పసిదాన్ని చేతుల్లోకి తీసుకుంటే చాలు, తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదనిపించేది. నిజంగానే తన చేతుల్లో ఏదైనా ఉందేమోనని గిన్నెలు తోముతూ అరచేతులు చూసుకునేది.

ఓ మధ్యాహ్నం అద్దం తుడుస్తూంటే ఆఫ్రికా చేప ఇసుకమీద ఒరిగి పడుంది. ఇదీ పోయింది, ఇక నా పని అయిపోయిందనుకుంది. చిన్న చేపొకటి దాన్ని పొడుచుకు తిందామని దగ్గరికొచ్చింది. చచ్చిందనుకున్నది చటుక్కున లేచి దాన్ని మింగేసింది.

నాగవల్లి గబగబా ఇంట్లోవాళ్లందర్నీ పిలిచింది. కాసేపటికి ఆ చేప మళ్లీ అలాగే పడుకుని, అందరి కళ్లముందే ఇంకోదాన్ని మింగింది. "ఓర్నీ, ఏం నాటకాలేస్తుందే ఇది" అని శ్రీనివాసరాజు మురిసిపోయాడు. నాగవల్లి ఆశగా అత్తగారి మొహంలోకి చూసింది. ఇప్పుడైనా ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని.

"చేపల్ని ఇది తింది, సరే. నీ కడుపులోవాళ్లని ఏది తిందమ్మా?" అంది సూర్యకాంతమ్మ.

శ్రీనివాసరాజు తల తిప్పలేదు. "దీనికింకో నాలుగు చిన్నవి తెప్పించాలి" అన్నాడు.

లోపలి గదిలో పాప ఏడ్చింది. ప్రసన్నకుమారి కదిలేలోపే నాగవల్లి గదిలోకి వెళ్లి పాపని ఎత్తి గుండెకి హత్తుకుంది.

"దాన్ని దించు" అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

పాప ఊపిరి మెడమీద వెచ్చగా తగులుతోంది. నాగవల్లికి కన్నీళ్లు ఆగడం లేదు.

"దించనండి, అత్తయ్యగారూ. కావాలంటే మీరే వచ్చి లాక్కోండి."