రాహేలు కార్డుల నా రక్తం

స్వీటీ, ఆ పని కింద పెట్టి ఇటు రా బిడ్డా. ఇంకొంచెం దగ్గరికి జరుగు. గట్టిగ చెప్పే ఓపిక లేదు నాకు, గట్టిగ చెప్పే ముచ్చట కూడ కాదు. పొద్దుగాల గాజుల దుకాణానికి ఉరుక్కుంట ఏమన్నవ్? "రేపు క్యాంపుకు నాకు టైం లేదు నాయినమ్మా, నా కార్డు నువ్వే తీస్కపోయి ఏదో ఒకటి రాయించుకరా" అన్నవ్. నువ్వు నవ్వుకుంటనే అన్నవ్. నాకు చేతిల గిన్నె జారింది. ఎందుకో విను.

పురానాపూల్ కాడ మన చర్చి హాల్ల ఆడోళ్లకు నెలకొక క్యాంపు పెట్టుడు రెండేండ్ల కింద షురూ అయ్యింది. బీపీ చూస్తరు, వేలుకు సూది గుచ్చి షుగర్ చూస్తరు, ఎంతొచ్చిందో ఎవరి కార్డుల వాళ్లకు రాస్తరు, గోలీలిస్తరు. మన బస్తీల ఎవరికి తెలుసు గట్లాంటియి? రోడ్లూడ్చేటోళ్లం, అంట్లు తోమేటోళ్లం, పానం బాగలేకుంటే ఒక పూట పండుకునుడే మందు. సూది గుచ్చే నర్సమ్మ పేరు వీణ. సన్నటి పిల్ల, కండ్లద్దాలు, ఎవరినైన అమ్మా అనే పిలుస్తది.

ఎనక గల్లీ రాహేలు నీకు తెల్సు గదా. నాకన్న పన్నెండేండ్లు చిన్నది, అయినా నా దోస్తు. నయాపూల్ దిక్కు రోడ్లూడ్చేది. మొదటి క్యాంపు దినం నేను పరీక్ష చేయించుకోని బయటికొస్తుంటే లైన్ల నిలబడ్డది.

"అక్కా, నేను ఇంటికి పోత. షుగరున్నదని రాస్తే పనిలకెల్లి తీసేస్తరట."

"ఎవరన్నరు?"

"అందరు అంటుండ్రు."

ఆ అందరు ఎవరో దానికి తెల్వదు, నాకు తెల్వదు. పా, ఆ వీణమ్మనే అడుగుదాం అనాలె నేను. అనలే. పెద్దరికం ఎక్కువ గదా నాకు. పైగ నాకు నూట నాలుగు వచ్చింది, మస్తు మంచిగున్నదన్నరు, ఆ గర్వమొకటి. "కార్డు ఇటియ్యి" అన్న. కొంగు తల నిండ కప్పుకోని, దాని కార్డు పట్టుకోని మళ్ల పోయి కూసున్న. ఈసారి రెండో చెయ్యి చాపిన. వీణమ్మ చుట్టు నలభై మంది లొల్లి పెడుతుండ్రు. ఆ పిల్ల కార్డు చూసింది, వేలు చూసింది, నా మొఖం చూడలే. "రాహేలమ్మా, నీకు షుగర్ లేదమ్మా" అన్నది.

బయటికొచ్చి ఇద్దరం కడుపు పట్టుకోని నవ్వినం. "నా పరీక్ష నువ్వు రాసి పాసైనవక్కా" అన్నది రాహేలు. ఇంటికి తీస్కపోయి చాయ్ పోసిన. రెండు చెంచాల చక్కెర ఎక్కువనే ఏసిన.

ఆర్నెల్లు కాంగనే రాహేలు ఆ కార్డును నమ్ముడు మొదలుపెట్టింది. దప్పికైతుందనేది, చెంబుల కొద్ది నీళ్లు తాగేది. ఒకసారి చూపించుకోవే అంటే, "షుగరైతే లేదు గదక్కా, కార్డుల ఉన్నది" అనేది. మజాక్ చేస్తుందా అని మొఖంలకు చూసిన. మజాక్ కాదు బిడ్డా. ఆ రక్తం నాదని యాది మర్చిందో, యాదికి తెచ్చుకునుడు ఇష్టం లేదో. నేనన్న యాదికి తేవాలె. తేలే. దానికి మళ్ల చాయే పోసిన.

పోయిన వానకాలం ఊడుస్తుంటే చెప్పుల నుంచి గాజుపెంకు దిగింది. "నొప్పే లేదక్కా, దేవుడు సల్లగ చూసిండు" అన్నది. గల్లీ డాక్టరుకు కార్డు చూపించింది. షుగర్ లేదంటే మానుతదిలే అని పూతమందు ఇచ్చి పంపిండు. మూడు వారాలకు పాదం నల్లగయ్యింది. పెద్దాసుపత్రిల చూస్తే షుగర్ నాలుగు వందల ముప్పై. సగం పాదం తీసేసిండ్రు.

దాని బిడ్డ ప్రీతి, క్యాంపు దినం వచ్చి ఆ కార్డును వీణమ్మ బల్ల మీద కొట్టింది.

"ఇది రాసింది నువ్వే గదా? మా అమ్మ కాలు తెచ్చియ్యి."

వీణమ్మ కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మిషన్ల వచ్చిందే రాసినమ్మా" అన్నది. మళ్ల చిన్నగ, "తప్పు రాసిన్నేమో" అన్నది. నేను ఆడనే గోడకు ఆనుకోని ఉన్న. కొంగు తల మీదికి గుంజుకోని బయటపడ్డ.

సీదా రాహేలు మంచం కాడికి పోయి, ప్రీతికి చెప్పేస్తనన్న. "చెప్పకక్కా," అన్నది, "ప్రీతి నిన్ను బతకనియ్యది. కార్డు నీ చేతిల పెట్టింది నేనే గదా." అది చెప్పొద్దన్నది, అందుకే చెప్తలేనని రెండు నెలలు నాకు నేనే చెప్పుకున్న. అబద్ధం. సిగ్గయ్యి చెప్పలే.

ఆ పిల్ల తప్పులు రాస్తదని బస్తీల ఆడోళ్లు క్యాంపుకు వచ్చుడే బందు పెట్టిండ్రు. ఆఖరుకు ముగ్గురంటే ముగ్గురొచ్చిండ్రు. పన్నెండు కాకముందే వీణమ్మ మిషన్ సర్దుతుండె. "వచ్చే నెల నుంచి ఈడికి రామేమో. నన్ను పనిల ఉంచుతరో లేదో" అన్నది. నన్ను చూసి అనలే, సంచిల మొఖం పెట్టి అన్నది.

ఆదివారం ఆరాధన అయినంక, రాహేలు కూడ వచ్చింది, ఆడోళ్లంత హాల్ల ఉండంగ లేచి నిలబడ్డ. "ఆ కార్డుల రక్తం నాది" అన్న. "వీణమ్మ సరిగ్గనే రాసింది. దొంగ వేలు చాపింది నేను."

ప్రీతి నా దిక్కు తిరిగింది.

"చాయ్ కూడ పోసినవ్ గదా పెద్దమ్మా. చక్కెరేసి."

అంతే అన్నది. తిట్టినా బాగుండు. తల్లిని పట్టుకోని నడిపించుకపోయింది. రాహేలు నా పక్కకెల్లి పోతు, "నోరాగదు నీకు" అని గునిసింది. అది ఇప్పటికి వస్తది, కూసుంటది, చక్కెర లేని చాయ్ తాగి మొఖం అదోలెక్క పెడ్తది. ప్రీతి మాత్రం మన గడప తొక్కలే.

క్యాంపు ఆగలే. ఆ తర్వాతి నెల నేనే ముందుగాల పోయి కూసున్న. వీణమ్మ సూది పక్కన పెట్టింది. "కొంగు తియ్యమ్మా. పేరు చెప్పు" అన్నది. నా పేరు ఆమెకు తెల్వదా? అయినా అడిగింది. చెప్పిన. నా మొఖం చూసుకుంట రాసింది. ఇప్పుడు ఎవరొచ్చినా గట్లనే అడుగుతది.

రేపు దుకాణానికి లేటుగ పో. నీ కార్డు నువ్వే పట్టుకపో, నీ వేలే చాపు. ఎవరన్న నా బదులు నువ్వు కూసో అంటే, ఈ ముచ్చట యాది పెట్టుకోని చెప్పు. రాహేలు పేరు ఇడిచిపెట్టినా సరే, నాది దాయకు. లీలమ్మ, మా నాయినమ్మ అని చెప్పు. చాయ్ సంగతి కూడ ఇడువకు బిడ్డా.