వద్దన్నా పోసిన నీళ్లు

నేను ఒక ముత్యాల తీగని. పచ్చి బఠాణీలు దారానికి గుచ్చి వేలాడదీసినట్టుంటాను. ఒంట్లోనే నీళ్లు దాచుకునే జాతి మాది. దాహానికి తట్టుకుంటాం గానీ, తడికి తట్టుకోలేం.

కడియం నర్సరీలో ఓ చిన్న కొమ్మ నుంచి పుట్టాను. కాకినాడ నుంచి వచ్చిన హేమలత నన్ను చూసి ముచ్చటపడింది. "మట్టి బాగా ఆరేదాకా చుక్క పొయ్యొద్దండి. ప్రేమ ఎక్కువైతే చచ్చిపోద్ది," అన్నాడు నర్సరీ ఆయన. ఆమె నవ్వి నన్ను ఇంటికి తెచ్చుకుంది.

బాల్కనీలో, ఎండ నేరుగా తగలని మూల నన్ను వేలాడదీసింది. ఇసుక కలిపిన మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోసేది. నేను కుండీ అంచు దాటి కిందికి జారాను. ఆమె అత్తగారు సత్యవేణి రోజూ వచ్చి నా ముత్యాలు నిమిరేది. "జడకుచ్చుల్లా ఉన్నావే," అని మురిసిపోయేది. ఆ వేళ్ల మెత్తదనం నాకు ఇష్టం.

కొన్నాళ్లకి ఆవిడ చెంబుతో రావడం మొదలుపెట్టింది. కాఫీ తాగి ఓ చెంబు పోసేది. చెంబు కడిగి బోర్లించి, కాసేపటికి మళ్లీ వచ్చేది. "అయ్యో, గొంతెండిపోతోందా తల్లీ?" అంటూ మళ్లీ పోసేది. మొదట్లో గారాబం అనుకున్నాను. తర్వాత మట్టిలో నా వేర్లు కుళ్లడం మొదలైంది. ముత్యాలు మెత్తబడి, చితికి, నేల మీద రాలాయి. అరవడానికి నాకు నోరు లేదు.

హేమలత ఉద్యోగం నుంచి వచ్చి కుండీ ముట్టుకుని చూసింది. "ఎవరు పోస్తున్నారు దీనికి?"

"నేను చుక్క కూడా పొయ్యలేదమ్మా," అంది సత్యవేణి. అబద్ధం కాదు. ఆవిడకి తెలిసినంతలో అదే నిజం.

ఇక మిగిలింది పనిమనిషి నూకరత్నం. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చెప్పిన మాట చెవిన వేసుకోవా?" అని గట్టిగా అరిచేసింది హేమలత.

"నేను పొయ్యలేదండి. నా మాట నమ్మరా అమ్మగారూ?"

"నువ్వు కాకపోతే దెయ్యాలొచ్చి పోస్తున్నాయా?"

నూకరత్నం చీపురు గోడకి ఆనించి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. మనుషులకి తప్పు ఎవరిదో తేలడం కన్నా, ఎవరో ఒకరి మీద పెట్టేయడమే తేలిక.

తర్వాత హేమలతకి జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయింది. గుమ్మంలోంచి అంతా చూసింది. చెంబు రావడం, కడగడం, బోర్లించడం, మళ్లీ రావడం.

"ఇందాకే పోశారు కదా అత్తయ్యా?"

"నేనా? ఎప్పుడు?"

సత్యవేణి చేతిలోని చెంబులోకి తొంగి చూసింది. తడి మట్టి వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది. ఆ ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. హేమలత చెంబు అందుకుని, ఆవిడని మెల్లగా కూర్చోబెట్టింది. తను ఏడవడానికి మాత్రం లోపలికి వెళ్లింది.

జ్వరం తగ్గగానే హేమలత నూకరత్నం ఇంటికి వెళ్లొచ్చింది. "కోపం లేదండి, కానీ రానండి" అందట గుమ్మంలోనే నిలబడి.

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్లు నన్ను కుండీలోంచి తీశారు. కుళ్లినదంతా పారేసి, గట్టిగా ఉన్న నాలుగు కొసలు మాత్రం పొడి ఇసుక మట్టి మీద చుట్టలుగా పరిచారు.

"నూకరత్నం రావట్లేదేం?" అడిగింది సత్యవేణి.

హేమలత దాచలేదు. "మీరు పోసిన నీళ్లకి దాన్ని తిట్టాను అత్తయ్యా."

ఆవిడ చివరి కొసని మట్టి మీద సర్దింది. "ఇకమీద తిట్టాలనిపిస్తే నన్నే తిట్టు. నాకెలాగూ గుర్తుండదు," అని నవ్వింది. హేమలతకి నవ్వు రాలేదు.

నాలుగు కొసల్లో ఒక్కటే వేరు పట్టింది. ఆ ఒక్కటే ఇప్పుడు నేను. సత్యవేణి మతిమరుపుకి డాక్టరు మందులిచ్చాడు, మాట ఇవ్వలేదు.

ఇవాళ పొద్దున కూడా సత్యవేణి ఓసారి పోసి వెళ్లి, మళ్లీ చెంబుతో వచ్చింది. హేమలత పక్కకొచ్చి నిలబడింది.

"ఇవాళ వద్దు అత్తయ్యా. కుండీ తడిగానే ఉంది."

ఆవిడ వేలితో మట్టి తడిమింది. ముఖం ముడుచుకుంది. "నిజమే. ఎవరే ఇన్ని నీళ్లు పోసింది?"

"నేనే పోశాను అత్తయ్యా," అంది హేమలత.