వెనక సీట్లో అంపైరు గారు

ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ షాపు షట్టరు సగం దించేసి, పైగదిలో ముగ్గురూ టీవీ ముందు చేరి క్రికెట్ గేమ్ ఆడడం ఏళ్ళనాటి అలవాటు. లాండ్రీ, టీవీ, గేమ్ మూడూ బావమరిదివి. నోరు మాత్రం బావగారిది. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. వారమంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచే మనిషికి ఆదివారం ఒక్కరోజు గొంతు తగ్గమంటే తగ్గుతుందా? మూడోవాడు మాస్టారుకి చిన్ననాటి స్నేహితుడు. పియానోలు, వయొలిన్లు శ్రుతి చేసి బాగుచేస్తాడు. అందుకని అందరూ అతన్ని శ్రుతి అనే పిలుస్తారు.

ఆటలో డ్రింక్స్ బ్రేక్ వచ్చినప్పుడల్లా అంపైరు గారు టీవీలోంచి దిగి, ఇస్త్రీకి వచ్చిన దుప్పట్ల మూట మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. తెల్ల టోపీ, నల్ల ప్యాంటు, నడివయసు మనిషి. పన్నెత్తి పలకడు. ఆయన కాలికి వైర్లు అడ్డుపడకుండా బావమరిది పక్కకి లాగేవాడు, అంతే. ఒక్కసారి మాత్రం, ఉతికిన బట్టలు బూట్లతో తొక్కుతున్నాడని విసుక్కున్నాడు. ఆ తర్వాత నుంచి పాపం బూట్లు టీవీలోనే విప్పేసి వచ్చేవాడు.

గొడవంతా గేమ్‌లో ఉన్న ఒక సెట్టింగు గురించి. అది పెడితే అంపైరు అప్పుడప్పుడు పొరపడతాడు. తీసేస్తే ఇక పొరపాటన్నదే ఉండదు. తీసేద్దామని బావమరిది. నిజం తెలిసి కూడా కంప్యూటరు అబద్ధం చెప్పడమేమిటి, అది తొండి కాదా అని వాడి వాదం. ఉండి తీరాల్సిందేనని మాస్టారు. నిజం ఆటలో అంపైర్లు పొరపడరా, పొరపాటే లేకపోతే అది ఆటెలా అవుతుంది, ఎక్కాల పుస్తకం అవుతుంది గానీ అనేవాడు. మరి అంత బొజ్జ ఉన్న బౌలరు లేడిపిల్లలా పరిగెత్తడం సహజంగానే ఉందా బావా అని బావమరిది ఎత్తిపొడిస్తే, అదీ ఇదీ ఒకటెలా అవుతాయిరా అని దబాయించేవాడు. సహజంగానే ఉండనీ, కానీ నిజం ఆటలో అంపైరుకి తెలియకపోయినా బ్యాటు పట్టుకున్నవాడికి తెలుస్తుంది కదా, ఆ సంగతేం చేద్దాం అని శ్రుతి ఒకసారి అడిగాడు. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ పట్టించుకోలేదు. నోరున్నవాడిదే రాజ్యం కాబట్టి సెట్టింగు అలాగే ఉండిపోయింది.

ఆ ఆదివారం శ్రుతి దిగులుగా వచ్చాడు. కొన్నాళ్ళుగా ఎడమ చెవిలో హోరుగా ఉంటోందట. సంగీతం బడివాళ్ళేమో తమ పియానోలన్నీ ఇకనుంచీ అతన్నే చూసుకోమన్నారట, ఈ వారంలోనే మాట చెప్పమన్నారట. చెవిమీద నమ్మకం లేనివాడు ఒకళ్ళ వాయిద్యం ముట్టుకోకూడదు కదరా అన్నాడు. మాస్టారు భుజం తట్టి, అవన్నీ తర్వాత చూద్దాం, ముందు ఆట కానీయమన్నాడు.

ఆట చివరికొచ్చింది. మాస్టారు బ్యాటింగు, చేతిలో ఆఖరి వికెట్టు. శ్రుతి వేసిన బంతి బ్యాటు పక్కనుంచి వెళ్ళి కీపరు చేతిలో పడింది. ఈ గేమ్‌లో బంతి బ్యాటుకి తాకితే ఆడేవాడి చేతిలో రిమోట్ సన్నగా వణుకుతుంది. పక్కవాళ్ళకి తెలియదు. మాస్టారు చేతిలో రిమోట్ వణికింది.

తగిలింది, టిక్కుమంది, నేను విన్నాను అన్నాడు శ్రుతి. టీవీలో జనం గోల, కింద వాషింగ్ మెషిన్ గోల. బావమరిదికి ఏమీ వినబడలేదు. అంపైరు గారు ఔట్ కాదని తల అడ్డంగా ఊపాడు. శ్రుతి మాస్టారు వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పరా. తగల్లేదూ?"

"నీ మీద ఒట్టు, తగల్లేదు. టిక్కూ లేదు, టక్కూ లేదు. ముందా చెవులు చూపించుకో."

బావమరిది పకపకా నవ్వాడు. శ్రుతి నవ్వలేదు. నాకు వినిపించిందే అని తనలో తను గొణుక్కుని, మిగతా బంతులు ఎటో చూస్తూ వేసేశాడు. మాస్టారు గెలిచాడు. గెలిచి చెయ్యెత్తబోతే అరచేతిలో ఆ వణుకు ఇంకా ఉన్నట్టే అనిపించి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

టీవీ కట్టేసే వేళకి అంపైరు గారు లోపలికి వెళ్ళలేదు. మాస్టారు వెనకే మెట్లు దిగి, కారు వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్తే మాస్టారు భార్య, అన్నయ్యగారికి హాల్లో పక్క వేస్తానని దుప్పటి తీసింది.

మర్నాడు డ్రైవింగ్ క్లాసులకీ వచ్చాడు. నేర్చుకునే అమ్మాయి, కొంచెం జరగండి సార్, వెనక రోడ్డు కనబడట్లేదు అంటే బుద్ధిగా జరిగాడు కూడా. ఏమీ అనడు. కోపంగా చూడడు. మాస్టారుకి అదే చచ్చే చావుగా ఉంది. తిట్టే మనిషైతే తిరిగి తిట్టొచ్చు కదా! వెనక ఏముందో అద్దంలో చూసుకుంటూ ఉండాలమ్మా అని ఊరందరికీ నేర్పే పెద్దమనిషి, తన వైపు అద్దాన్ని పైకప్పుకేసి తిప్పేసుకున్నాడు. ముష్టి ఆట, అందులో ఒక ముష్టి బంతి, దానికింత రాద్ధాంతమా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అయినా సిగ్గు వదలడం లేదు. మోసం చేసినందుక్కాదు, మోసాలు ఎవరు చెయ్యరు? ఆ చెవుల మీద ఒక మనిషి బతుకు ఉందని తెలిసీ, వాటినే పట్టుకుని వెక్కిరించాడు.

మూడోరోజు క్లాసులో ఉండగా బావమరిది ఫోను చేశాడు. శ్రుతి సంగీతం బడికి కుదరదని చెప్పేస్తాడట, పనిముట్లన్నీ ఎవరికో ఇచ్చేస్తాడట. "నీ మాట మనసులో పెట్టుకున్నట్టున్నాడు బావా," అన్నాడు.

మాస్టారు క్లాసు మధ్యలోనే ఆ అమ్మాయి చేత బండి శ్రుతి షాపుకి తోలించాడు. దారిలో బ్రేకు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు ఆయన నోట.

శ్రుతి నేల మీద కూర్చుని పనిముట్లు గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు. స్వరం సరిచూసుకునే ఉక్కు కడ్డీ ఒకటి మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకోవడం, తల విదిలించడం, మళ్ళీ కొట్టడం. మాస్టారు గుమ్మంలో నిలబడే చెప్పేశాడు.

"ఆ రోజు బంతి తగిలిందిరా. రిమోట్ నా చేతిలో వణికింది. నువ్వు విన్నది నిజమే."

శ్రుతి తలెత్తి చూశాడు. చిన్నగా నవ్వాడు. "జాలిపడి అంటున్నావు."

"జాలి కాదురా. నీ మీద ఒట్టు."

"ఆ రోజూ నా మీదే వేశావు కదరా ఒట్టు."

అంతే. వారమంతా అరిచే నోరు, సెట్టింగులు పెట్టించిన నోరు, నిజం చెప్పాల్సి వచ్చేసరికి చిల్లిగవ్వకి పనికిరాలేదు. తల దించుకుని తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. శ్రుతి ఉక్కు కడ్డీని కూడా పెట్టెలో పెట్టేసి, మూత వెయ్యబోయాడు.

కారు తలుపు పడ్డ చప్పుడైంది. అంపైరు గారు వచ్చాడు. మాస్టారుని దాటుకుని లోపలికి వచ్చి, శ్రుతి ఎదురుగా నిలబడి, టోపీ సరిచేసుకున్నాడు. ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకోవడం ఆయన ఎరగడు. అటువంటిది మెల్లగా కుడిచెయ్యి ఎత్తి, వేలు పైకి చూపించాడు.

శ్రుతి ఆ వేలికేసి చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టెలోంచి కడ్డీ తీసి మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఈసారి అది ఆగిపోయేదాకా విన్నాడు. తర్వాత సంగీతం బడికి ఫోను చేసి, వస్తానండీ, రేపటినుంచే వస్తాను అన్నాడు. అంపైరు గారికి ముక్కాలిపీట జరిపి, మంచినీళ్ళు ఇచ్చాడు. మాస్టారుని కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

పనిముట్లు ఒక్కొక్కటే మళ్ళీ గోడకి తగిలిస్తూ, కాసేపటికి వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ బంతప్పుడు నీకింకా ఎన్ని రన్నులు కావాలిరా?"

మాస్టారు ఎంత తడుముకున్నా గుర్తుకు రాలేదు.