జున్ను డబ్బా

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు, మార్కాపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలకు వ్యాపారం నేర్పడం మొదలుపెట్టారు.

"ఇంకెవరి దగ్గరా దొరకనిది తెచ్చి అమ్మండి. ఒకసారి వచ్చినవాడు మళ్లీ మీ దగ్గరికే రావాలి. అదే వ్యాపారం," అన్నారు నిత్యానందం మాస్టారు, ఇద్దరిద్దరిని జట్టు కట్టమంటూ.

శ్రీశైలమ్మతో ఎవరూ కట్టలేదు. యర్రగొండపాలెం అవతలి పల్లె నుంచి వచ్చి ఏడాదైనా ఆ పిల్లను పలకరించే దిక్కు లేదు.

ఆదివారం ఇంటికి పోతే గేదె ఈని ఉంది. జున్ను! ఊళ్లో ఇంకెవరమ్ముతారు? ఎందుకమ్మరో తెలియక కాదు. జున్ను పంచాలేగానీ అమ్మకూడదు, అమ్మితే పొదుగు ఎండిపోతుందంటారు. అందుకే తల్లి కొండమ్మతో "మా ఫ్రెండ్స్‌కు" అని అబద్ధమాడింది.

కొండమ్మ మొహం చాటంతయింది. "ఉన్నారా నీకు? నోట్లో నాలుక లేనిదానివి, ఒంటిగా ఉంటావేమోనని ఒకటే దిగులు పెట్టుకున్యా," అంటూ బెల్లం దండిగా వేసి వండి, కొత్త స్టీలు డబ్బా నింపింది. "ఇచ్చిన డబ్బా ఎవురూ ఖాళీగా తిరిగియ్యరు. ఏం పెట్టిచ్చినారో నేను చూడాల."

అమ్మకం రోజు కాలేజీ వరండాలో డబ్బా తెరిస్తే, మొదట వచ్చింది టౌను పిల్ల రాజ్యలక్ష్మి. "బోణీ నాదే!" అంటూ పది రూపాయల నోటు చాపింది. శ్రీశైలమ్మ చెయ్యి ముందుకు రాలేదు.

"ఊరికేనే తిను," అంది.

ఊరికే అన్నాక ఇంకేముంది, కాలేజీ అంతా వచ్చిపడింది. తిన్నారు, మూతులు తుడుచుకున్నారు, పోయారు. నీ పేరేమిటని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. మిగిలింది రాజ్యలక్ష్మి డబ్బాతో సహా పట్టుకుంది. "మా అమ్మకు పెడతా. డబ్బా రేపిస్తాలే."

"ఇదేం వ్యాపారమమ్మా!" అని మాస్టారు నవ్వారు. శ్రీశైలమ్మకు పట్టలేదు. రేపు ఒకరు మళ్లీ తన దగ్గరికే వస్తారు.

మర్నాడు శ్రీశైలమ్మ వచ్చేసరికే డబ్బా తన బెంచీ మీద ఉంది. తళతళా కడిగి ఉంది. ఆశగా మూత తీసింది. నాలుగు పంచదార పలుకులైనా లేవు. రాజ్యలక్ష్మి అటు తిరిగి ఎవరితోనో నవ్వుతోంది. శ్రీశైలమ్మ మూత బిగించి డబ్బా సంచిలో పెట్టుకుంది.

శనివారం బస్సెక్కే ముందు పక్క దుకాణంలో పటికబెల్లం కొని డబ్బాలో పోసుకుంది.

కొండమ్మ ఒక పలుకు నోట్లో వేసుకుంది. "ఎవురిచ్చినారే?"

"నా ఫ్రెండు."

"మంచి పిల్లే. ఈ తూరి ఇంటికి పిలుచుకొని రా."

శ్రీశైలమ్మ తలూపింది.