మెంతుల డబ్బాలో గోలీలు

సుష్మ చేతికి మెంతులే తగిలాయి. డబ్బా మొత్తం చాటలోకి ఒంపి చూసింది. పసుపుపచ్చ గోలీల పట్టీ లేదు.

నిజామాబాద్‌లో డాక్టరమ్మ ఆ ఫోలిక్ యాసిడ్ గోలీలు రాసిచ్చి ఇరవై రోజులైంది. "రోజూ ఒకటి. ఒక్కరోజు కూడా మానొద్దు," అని గట్టిగా చెప్పింది. పోయిన వేసవిలో, ఐదో నెల స్కానింగులో, కడుపులో బిడ్డకు వెన్నెముక మూసుకోలేదని తేలింది. బిడ్డ దక్కలేదు. నెల తిరక్కముందే భర్త ప్రశాంత్‌కు వీసా వచ్చింది, దుబాయి వెళ్ళాడు. మళ్ళీ ఉగాదికి వస్తాడు.

మొగుడు ఊళ్ళో లేనప్పుడు కోడలు రోజూ గోలీ వేసుకుంటుంటే ఎవరైనా అడుగుతారు. చెప్పాలంటే పోయిన బిడ్డ మాట ఎత్తాలి. అది ఎత్తితే అత్త హన్మవ్వ గ్రహణం మాట ఎత్తుతుంది. గ్రహణం నాడు సుష్మ వాకిట్లో కూర్చుని కూరగాయలు తరిగిందని, అందుకే అట్లయిందని ఆమె నమ్మకం. అందుకే మెంతుల డబ్బా.

"గివేనా దేవులాడుతున్నవ్?"

గడపలో హన్మవ్వ. నడుముకు చెక్కుకున్న గుడ్డసంచిలోంచి పట్టీ తీసి చూపించి, మళ్ళీ అందులోనే వేసుకుంది.

"పోపుకు మెంతులు తీస్తుంటే దొరికినయ్. పొద్దుగాల చెరుకు మందుకు బోధన్ పోయినప్పుడు మెడికల్ షాపు అనిల్‌కుమార్‌కు సూపెట్టిన. కడుపుతోని ఉన్నోళ్ళ గోలీలు అన్నడు. కోడలు నీళ్ళాడినంక మిఠాయి తేవాలె అవ్వా అన్నడు." ఆమె గొంతు తగ్గింది. "నా కొడుకు పోయి ఏడు నెలలు. ఊరికి తెలువకముందే నాకు జెప్పు."

సుష్మ చెవులు వేడెక్కాయి. బోధన్ నుంచి వచ్చాక అత్త తన మొహం ఎందుకు చూడలేదో అప్పుడర్థమైంది.

"నాకు కడుపు లేదత్తమ్మ. రావాలని ఏసుకుంటున్న."

"కడుపు రాకముందే కడుపు గోలీలా? పెండ్లి ఖాయం గాకముందే పురుడుకు పిలిసినట్టున్నది!"

"బిడ్డ వెన్నుపూస మొదటి నెలలనే తయారైతదట. నెల తప్పిందని మనకు తెలిసేవరకు ఆ పని అయిపోతదట. పోయినసారి రెండో నెల దాటినంక మొదలువెట్టిన. అప్పటికే ఆలస్యమైంది."

"గివి మింగితే ఇగ ఏం గాదని రాసిచ్చిందా?"

"రాసియ్యలే. మళ్ళ అట్లయ్యే భయం చానా తగ్గుతదన్నది." సుష్మ చాటలోని మెంతులను మళ్ళీ డబ్బాలోకి ఒంపింది. "గ్రహణం సంగతి గూడ అడిగిన. నా తప్పు కాదన్నది."

హన్మవ్వ వాకిట్లోకి నడిచింది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఊరంతా వరికి మళ్ళినా ఆమె ఎకరం చెరకు వదల్లేదు. మర్నాడు నాటడానికి కోసిన చెరకు ముక్కలు డ్రమ్ములో మందు నీళ్ళలో నానుతున్నాయి. చెయ్యి ముంచి ఒక ముక్క తీసి, మొలక వచ్చే కన్ను దెబ్బతిన్నదేమోనని తిప్పి చూసింది.

సుష్మ వెనకే వచ్చింది. "నాటినంక మందుల ముంచితే నడువదా అత్తమ్మ?"

"నాటినంక ముంచుడేందే? అప్పటికే మన్నుల పురుగు..."

మాట అక్కడే ఆగిపోయింది. చేతిలోని ముక్క నుంచి మందు నీళ్ళు బొట్లు బొట్లుగా రాలాయి.

"కాలేజీల చదువు జెప్పిండ్రో, అత్తను ఎట్ల కొట్టాలెనో నేర్పిండ్రో," అంది హన్మవ్వ. తర్వాత, అటు తిరిగే, నడుము కాస్త ముందుకు చేసింది. "నా చేతులకు మందున్నది. సంచిల నుంచి నువ్వే తీస్కో."

నాట్లయిన మర్నాడు పక్కింటి గంగుబాయి చాట నిండా బీడీ ఆకు పెట్టుకుని అరుగు మీదికి వచ్చింది. గోడగూట్లో ఉన్న పట్టీ ఆమె కంటబడింది.

"ఎవలకక్కా గోలీలు?"

"మా సుష్మకు. పుట్టబోయే బిడ్డ కోసం."

గంగుబాయి చేతిలో ఆకు ఆగిపోయింది. "ప్రశాంత్ దుబాయిల ఉండె గద!"

"ఉగాదికి దిగుతడు. ఇత్తనం ఏసేనాడు దుక్కి దున్నుతరానే ఎవలన్న? ముందుగాలనే తయారు జెయ్యాలె."

గంగుబాయి ఒళ్ళోని చాట ఊగేలా నవ్వింది. లోపల సుష్మ సిగ్గుతో పొయ్యి వైపు తిరిగింది.

"అయినా పోయినసారి గ్రహణం పట్టబట్టే గద..." అని గంగుబాయి మొదలుపెట్టింది.

"గ్రహణం లేదు, ఏం లేదు," అని హన్మవ్వ అడ్డుకుంది. "అది వెన్నుపూస సంగతి. పిల్లను ఊకెనే ఆడిపోసుకున్న. నీ కోడలికి గూడ జెప్పు, ఇంకో బిడ్డ గావాల్నంటే ముందే డాక్టరు దగ్గరికి పొమ్మను. ఆమెకు ఏ మోతాదో డాక్టరునే అడగాలె. మా పట్టీల నుంచి ఒక్కటి గూడ ఇయ్య."

సుష్మ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. కంటి తడి తుడుచుకోకుండానే గోలీ మింగింది. పట్టీని మెంతుల డబ్బాలో కాదు, గూట్లోనే, అందరికీ కనబడేటట్టు పెట్టింది.