ఎడపల్లి దాకా ట్రయల్

మధ్యాహ్నపు ఎండలో బోధన్ బస్టాండు నుంచి నడిచి రాజమల్లు షోరూము ముందు నిలబడేసరికి రోజాకు కాళ్ళలో సత్తువ లేదు. చీకటితో లేచి, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో దవాఖాన నేల తుడిచి, మంచాల మీద దుప్పట్లు మార్చి, డాక్టరమ్మ చేత నలుగురిలో మాట పడి, అట్నుంచటే బస్సెక్కి వచ్చింది. ఆరింటికి రావలసిన ఆయా ఆలస్యంగా వస్తే ఎవరైనా మాటంటారు. కానీ ఎడపల్లిలో ఆమెకు దొరికే మొదటి బస్సే ఆలస్యంగా వస్తుంది. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, బస్సుకు టైము లేదు. ఒకటో తారీఖు నుంచి ఇట్లాగే అయితే ఇక రావద్దని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. నెలకు తొమ్మిది వేల కొలువు. వెయ్యి బీడీలు చుడితే రెండున్నర వందలు వచ్చే ఊళ్ళో, ఆ చుట్టుడు పని కూడా నెలలో సగం రోజులే దొరికే కాలంలో, తొమ్మిది వేలను కాలదన్నుకునే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే కరెంటు బండి కొనాలనుకుంది. లైసెన్సు అక్కర్లేని చిన్న బండి. నడపడం నర్సు సౌందర్య తన స్కూటీ మీద నేర్పింది.

అట్లాంటి బండ్లు నిజామాబాద్‌లోనూ దొరుకుతాయి. దవాఖాన వీధిలోనే షాపుంది. దాన్ని వదిలి బోధన్ దాకా వచ్చిందంటే రోజా బండి కోసం మాత్రమే రాలేదు. రాజమల్లు సేటు నోటి నుంచి ఒక మాట రాబట్టాలి. అది తన తల్లి చెవిన పడాలి. ఆ పగ ఆమె కడుపులో పదేళ్ళకు పైగా ఉడుకుతోంది.

బండ్లు అమ్మకముందు రాజమల్లు ఎడపల్లిలో బీడీల టేకేదారు. కంపెనీ ఇచ్చే ఆకు, తంబాకు తెచ్చి ఆడవాళ్ళకు పంచడం, చుట్టిన బీడీలు తీసుకుని కంపెనీకి పంపడం అతని పని. ఆడవాళ్ళంతా నేల మీద వరుసగా కూర్చుంటే సేటు గద్దె మీద కూర్చునేవాడు. ఒక్కొక్కరి గంపలోంచి కట్ట తీసి, బీడీని రెండు వేళ్ళ మధ్య నొక్కి, నచ్చనిది పక్కనున్న డబ్బాలో పడేసేవాడు. దాన్ని ఛాట్ అంటారు. ఛాట్‌లో పడ్డ బీడీకి కూలి లేదు, ఆ బీడీ తిరిగి ఇవ్వడమూ లేదు. డబ్బా నిండాక ఎక్కడికి పోతుందని అడిగిన ఆడదానికి మర్నాడు ఆకు ఉండేది కాదు. కాబట్టి అడిగేవాళ్ళూ ఉండేవారు కాదు. బోధన్‌లో అద్దాల షోరూము ఏ పునాది మీద లేచిందో ఎడపల్లిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

రోజా తల్లి లింగవ్వ చిన్నతనం నుంచి బీడీలు చుట్టిన మనిషి. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు ఆమె కట్ట చూపించి, చుడితే ఇట్లా చుట్టాలి అనేవారు. అట్లాంటి మనిషి గంపను ఒకరోజు సేటు మొత్తంగా ఛాట్ డబ్బాలో గుమ్మరించాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వేళ్ళల్లో సత్తువ పోయింది, ఇక నీకెందుకీ పని అన్నాడు. ఛాట్ చేసే చేతిని కాదనే అలవాటు ఆ ఆడవాళ్ళకు లేదు. సేటు చెడ్డదంటే చెడ్డదే. లింగవ్వ సేటును అనుమానించలేదు, తన చేతుల్నే అనుమానించింది. తనంత తానే పని మానుకుంది. కంపెనీ రిజిస్టరులో ఖాళీ అయిన ఆ జాగాలో సేటు తమ్ముడి పెళ్ళాం పేరు ఎక్కింది. జన్మలో బీడీ ముట్టని ఆ ఇల్లాలికి ఇవాళ బీడీ కార్మికురాలి పింఛను వస్తోంది. లింగవ్వ మాత్రం నలుగురిలోకి వస్తే చేతులు కొంగు కింద దాచుకుంటుంది. పెళ్ళిళ్ళలో బంతికి కూర్చోదు. నీ చేతులకేమీ కాలేదే అవ్వా అని రోజా ఎన్నిసార్లు మొత్తుకున్నా, సేటుకు నాతోటి అబద్ధమాడే అక్కరేముంది బిడ్డా అంటుంది. లోకంలో ఇంత మంచితనం ఉండబట్టే రాజమల్లులు మేడలు కడుతున్నారు.

ఓడలు బండ్లవుతాయని ఊరికే అనలేదు. ఒకప్పుడు ‘ఏందే’ అని పిలిచిన నోటితోనే సేటు ఇప్పుడు రోజమ్మా అని కుర్చీ వేశాడు. రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టాడు. రెండూ ఒకటే ఎత్తు, ఒకటే నీలం రంగు, ముందర ఒకటే తీరు బుట్ట. ఒకటి డెబ్బై రెండు వేలు, ఇంకొకటి అరవై ఐదు. ఖరీదైన దాని బ్యాటరీని టిఫిన్ క్యారేజీలా చేత్తో ఊడదీసి ఇంట్లోకి తీసుకుపోవచ్చు. చవకదాని బ్యాటరీ పాతరకం, బరువు, బండి కడుపులోనే ఉంటుంది. సేటు ఆ చవకదాన్నే పొగుడుతున్నాడు. దసరా నుంచి కొనే దిక్కులేక మూలన పడున్న సరుకని దాని సీటు కింది దుమ్మే చెబుతోంది.

“రెండు ఒక్క తల్లి పిల్లలే రోజమ్మా. ఊకెనే ఏడు వేలు ఎక్కువెందుకు పెడ్తవు? ఒక్కసారి చార్జింగు పెడితే అరవై కిలోమీటర్లు కండ్లు మూసుకొని పోతది” అన్నాడు.

రోజా ముందు ఖరీదైన బండి ఎక్కి షాపు ముందర నాలుగు చుట్లు తిరిగింది. నూనె రాసినట్టు నడిచింది. మనసు దాని మీదే పడింది. బండి కొనడానికే వచ్చి ఉంటే ఆమె అక్కడే బయానా ఇచ్చి వెళ్ళిపోయేది. ఆమె దిగి రెండో బండి తాళం తీసుకుంది. తల్లిని దవాఖానకు తీసుకుపోవాలి, ఇద్దరిని మోస్తుందా అని అడిగింది. ముగ్గురిని మోస్తుందన్నాడు సేటు. అయితే వెనక కూర్చో, చూద్దాం అంది. మెకానిక్కు రిపేరు పని మీద వర్నికి పోయాడు. బండిని ఒక్కదాని చేతికిచ్చి రోడ్డు మీదికి పంపేంత నమ్మకం సేటుకు ఎవరి మీదా లేదు. చౌరస్తా దాకా పోయి రావడమే కదా అనుకున్నాడు. ఫోను బల్ల మీద, గల్లాపెట్టె తాళం గల్లాపెట్టెకే వదిలేసి, కడుపు సర్దుకుని వెనక ఎక్కాడు.

చౌరస్తా వచ్చింది. రోజా బండి తిప్పలేదు.

సేటు భుజం తట్టి చెప్పాడు. తర్వాత గొంతు పెంచాడు. దుకాణం తెరిచిపెట్టి వచ్చానన్నాడు. చెరకు ట్రాక్టరు ఒకటి పక్కనుంచి రొద చేసుకుంటూ పోయింది, అతని మాట అందులో కలిసిపోయింది.

“అరవై పోతదన్నవు గద సేటూ. ఎడపల్లి ఎంత దూరం, చెప్పు? గా దాక సూద్దాం” అంది రోజా, వెనక్కి తిరగకుండా.

పరుగెత్తే మనిషిని మించిన వేగమేమీ కాదది. దూకినా ప్రాణం పోదు. కానీ తెల్లచొక్కా వేసుకున్న సేటు నడిరోడ్డు మీద ఒక బీడీలామె కూతురి బండి మీంచి దూకితే పరువేం కావాలి? దూకకపోయినా పోయేది ఆ పరువే. హోటలు ముందు చాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని తలలు తిప్పి చూశారు. ఒకడు సేటూ, ఎక్కడికి అని కేకేశాడు. సేటు నవ్వు తెచ్చుకుని చేయి ఊపాడు. రోజాకు ఆ నవ్వు కనిపించలేదు గానీ, బుద్ధెరిగాక అంత సుఖంగా ఆమె ఎన్నడూ ప్రయాణం చేయలేదు. ఇంకా నెమ్మదిగా పోవాలనిపించింది. ఊరూరా ఆపి, చూడండ్రా అని చూపించాలనిపించింది.

కాలువ వంతెన దాటేదాకా నిండుగా చూపించిన చార్జింగు గీతలు ఒక్కసారిగా పడిపోయాయి. బండి మూలిగింది. ఎడపల్లి పొలిమేరలో ఆగిపోయింది. అరవై కిలోమీటర్ల బండి పట్టుమని పది కూడా నడవలేదు.

“ఇది ఛాట్ సేటూ” అంది రోజా. “మొదటి దాని అసొంటి బండి కంఠేశ్వర్‌ల గూడ దొరుకుతది. రేపు ఆడ్నే కొంట. నీ బండిని ఈడ ఇడిసిపెట్టి పోతవా, నూకుతవా?”

అరవై ఐదు వేల సరుకును రోడ్డు మీద వదిలే మనిషి కాదు రాజమల్లు. రోజా హ్యాండిలు పట్టుకుంటే అతను వెనక నుంచి నెట్టాడు. చెమటకు తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వీధిలో అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి లేచారు. ఆ చేతులన్నీ సేటు ఛాట్ రుచి చూసినవే. అంతా వెంట నడిచి లింగవ్వ వాకిట్లో నిలబడ్డారు.

సేటును చూడగానే లింగవ్వ అలవాటు కొద్దీ లేవబోయి, చేతులు కొంగు కిందికి లాక్కుంది. కూర్చోమని రోజా గట్టిగా చెప్పి పక్కన కూర్చున్నాక కూర్చుంది. సేటు బండిని గోడకు ఆనించి, దుకాణం గాలికి వదిలి వచ్చానని, ఎవరైనా మోటారు సైకిలు మీద దింపమని అడిగాడు. వీధిలో మోటారు సైకిళ్ళున్నాయి. ఎవరూ కదల్లేదు.

“మా అవ్వ బీడీలు ఎందుకు ఛాట్‌ల ఏసినవో చెప్పి పో సేటూ. గప్పుడు ఏ బండంటే గా బండి మీద దింపుతరు” అంది రోజా.

సేటు వాకిలి నిండా ఉన్న ఆడవాళ్ళను చూశాడు. గల్లాపెట్టె గుర్తొచ్చింది. ఇదెంత మాట అనుకున్నాడో ఏమో, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పేశాడు.

“మంచిగనే ఉండె తియ్యి లింగవ్వా నీ బీడీలు. మా తమ్ముని పెండ్లాం పేరు ఎక్కియ్యాలంటే జాగ లేకుండె. గందుకు అట్లన్న. ఎప్పటి ముచ్చటనో, గదంత ఇప్పుడెందుకు?”

ఈ మాట వినబడితే తన పగ చల్లారుతుందని రోజా ఇన్నేళ్ళూ అనుకుంది. చల్లారలేదు. ఒక మనిషి చేతుల్ని బతికుండగానే చంపిన మాట ఇంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలిగినదా అని ఆమెకు ఒళ్ళంతా మంట పుట్టింది. చేతికి అందిన దేనితోనైనా ఆ నోటి మీద కొట్టాలనిపించింది.

లింగవ్వ కొంగు తీసి చేతులు బయట పెట్టుకుంది. వెనకా ముందూ తిప్పి చూసుకుంది.

“పాడైన చేతులనుకున్న సేటూ. గీ చేతులతోని నలుగుట్ల బువ్వ గలుపుకోలే” అంది, మెల్లగా.

ఎండలో బండి నెట్టి గొంతు పిడచగట్టుకుపోయిందేమో, సేటు ముఖం తుడుచుకుని, జర నీళ్ళియ్యి లింగవ్వా అని చేయి చాచాడు. కుండ లింగవ్వ పక్కనే ఉంది, మూత మీద గ్లాసు ఉంది. దారిన పోయేవాడు వాకిట్లో నిలబడితే పేరు అడక్కముందే నీళ్ళు ముంచి ఇచ్చే మనిషామె. పగవాడికైనా నీళ్ళు లేవనకూడదని పెంచిన ఇల్లది. ఆ పెంపకమే రోజాను లేపింది. ఇంత మంటలోనూ ఆమె చేయి గ్లాసు మీదికి పోయింది.

లింగవ్వ కూతురి మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది.

“కూసో బిడ్డా” అంది.

రోజా కూర్చుంది. వాకిట్లో ఆడవాళ్ళెవరూ కదల్లేదు. సేటు చాచిన చేయి చాచినట్టే ఉంది.