కూర్మమ్మ తవ్విన గొయ్యి

“రోజంతా ఇంట్లో ఏటి సేస్తావే నువ్వు?” అని మొగుడు జగన్నాధం అడిగేసరికి కూర్మమ్మ గొడ్లసావిడి ఊడుస్తోంది. సావిట్లో గొడ్లు లేవు. మేత లేక ఎద్దులు రెంటినీ వైశాఖంలోనే సంతకి తోలేశారు. అయినా సావిడి పాడుపెట్టకూడదంటుంది అత్త. అందుకని రోజూ తెల్లారగానే లేని పేడ ఎత్తి, లేని గడ్డి ఊడ్చి, వట్టి నేలమీద కళ్ళాపి చల్లుతోంది కూర్మమ్మ. ఆ కళ్ళాపి నీళ్ళు కూడా ఏట్లోంచి మోసుకొచ్చినవే. జగన్నాధానికి ఆ సంగతి అక్కర్లేదు. ఆయనకి కావలసింది ఉతికిన చొక్కా. కోటబొమ్మాళి వెళ్ళాలి. కరువు సాయం కింద సర్కారు రైతులకి విత్తనాలిస్తుందని ఎవరో చెప్పారు. దాదాపు రోజూ తెల్లచొక్కా తొడుక్కుని వెళ్ళి, స్టేషను దగ్గర టీకొట్టు బల్లమీద సాయంత్రం దాకా కూర్చుని, “రేపు రమ్మన్నారే” అంటూ తిరిగొస్తాడు.

వానలు మొహం చాటేసి రెండేళ్ళు. మొదటి ఏడు మడులు ఎండాయి, రెండో ఏడు వాన తక్కువైనా పండే చోళ్ళు కూడా మొలవలేదు. పంటలున్న రోజుల్లో కూర్మమ్మకి ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. దంచడం, చెరగడం, ఆరబొయ్యడం, పాలేళ్ళకి కూడు వండి పొలానికి మొయ్యడం. ఇప్పుడు దంచడానికి గింజ లేదు, చెరగడానికి తౌడు లేదు. చేతులు ఊరికే ఉండలేక పొయ్యి అలికిందే అలుకుతాయి. జగన్నాధం మాత్రం అరుగుమీద కాళ్ళు చాపుకుని, ‘కాలం బాగోనప్పుడు మనిషి ఓపిక పట్టాల’ అంటాడు. ఎవరి ఓపికో చెప్పడు. గంజి వార్చి అందరికీ పోసి అడుగున మిగిలిన నీళ్ళు తాగే మనిషికి ఆ ఓపిక ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. అన్నిటికంటే ఆమెని తినేసింది కూతురు చిట్టి. ఆ పిల్ల ఆకలని ఏడవడం మానేసింది. అడిగినా లేదంటారని తెలిసిపోయి, తలుపు వార కూర్చుని తల్లి చేతులకేసి చూస్తూ ఉంటుంది. అది గమనించిన రోజునుంచి కూర్మమ్మకి కాలు ఒక చోట నిలవలేదు.

ఊరి బయట కరువు పని మొదలైందని నీళ్ళకి వెళ్ళినప్పుడే విన్నది. ఊరినుంచి కోటబొమ్మాళి దాకా రోడ్డు వేస్తారట. పక్కన గోతులు తవ్వి ఆ మట్టితో గట్టు పొయ్యాలి. కూలి కింద గోధుమలిస్తారు.

ఆ సాయంత్రం జగన్నాధం కాళ్ళకి నీళ్ళిస్తూ మాట కదిపింది. “బావా, రోడ్డు పనికి ఎల్దుమేటి?”

“రైతుబిడ్డని, నాను పార పట్టుకుని కూలికెల్తానా? నిన్నటిదాకా మన పొలంలో పన్జేసినోళ్ళ పక్కన నిలబడి తవ్వమంటావా? నీకు మతిగానీ పోనాదేటి?”

“పోనీ, నానెల్తాను.”

“ఎల్లు. ఎల్లి, జగన్నాధం పెళ్ళాన్ని సూసుకోండని ఊరందరికీ సూపించు.” అత్త లోపలినుంచి అందుకుంది: “మా అన్న ఇలాగే పెంచాడా నిన్ను?”

పరువు అనేది ఇంట్లో అందరికీ ఉంటుంది, మోసేది మాత్రం ఒక్కరే అనిపించింది కూర్మమ్మకి. పరువు కోసం ఆయన చేసే పని కూర్చోవడం. తను చేసే పని పస్తుండటం. ఆయన కూర్చుంటే నలుగురికీ కనబడుతుంది, తన పస్తు ఎవరికీ కనబడదు. మర్నాడు ఆయన కోటబొమ్మాళి దారి పట్టగానే, అత్త పిలుస్తున్నా వినిపించనట్టు గడప దాటేసింది.

మేస్త్రీ నారాయణమూర్తి గొడుగు కింద నిలబడి తాడు వేయించి గోతులకి గుర్తులు పెట్టిస్తున్నాడు. ఆమెని చూసి ఆమె వెనక చూశాడు. “మగోడేడమ్మా?”

“లేడు. నానొచ్చాను.”

“జతకే పని. మగోడు తవ్వాల, ఆడది మొయ్యాల. జత లేందే గొయ్యి ఇవ్వను. మొగుణ్ణి తీసుకురా.”

గట్టు పక్కన అప్పటికే కొందరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు కూలికని ఓడెక్కి రంగం వెళ్ళి తిరిగిరానివాళ్ళు, తాగి పడుకున్నవాళ్ళ పెళ్ళాలు. కరువు సాయం ఊరందరికీ వచ్చింది గానీ వీళ్ళ దగ్గరకొచ్చేసరికి మగాణ్ణి తెమ్మంది. అందులో దాలమ్మ ఒకతె. పంటలున్న రోజుల్లో కూర్మమ్మ వాళ్ళ మడుల్లో నారు ఊడ్చి, కోసి, కుప్పలేసిన మనిషి. మొగుడు పోయి నాలుగేళ్ళు. కూర్మమ్మ వచ్చి పక్కన కూర్చోగానే అలవాటుకొద్దీ లేచి నిలబడింది.

“కూకో దాలమ్మా. ఇద్దరం పని లేనోళ్ళమే,” అంది కూర్మమ్మ. దాలమ్మ కూర్చుంది గానీ జానెడు ఎడంగా కూర్చుంది.

ఎదర గోతుల్లో మగవాళ్ళు తవ్వుతున్నారు. కూర్మమ్మ వాళ్ళ చేతులకేసి చూసింది. ఇందులో ఏముంది? ఏట్లో నీళ్ళు ఇంకిపోయాక పొద్దున్నే ఇసకలో నడుము లోతు చెలమ తవ్వేది ఆడవాళ్ళే. కాకపోతే దాన్ని ఎవరూ తవ్వడం అనరు, నీళ్ళు తేవడం అంటారు. ఇన్నేళ్ళూ తనూ అలాగే అంది. ఆ మాట తట్టేసరికి దాలమ్మకేసి తిరిగింది.

“దాలమ్మా, తట్ట మోస్తావేటి?”

“ఎవరికి మొయ్యమంతారమ్మా?”

“నాకు. నాను తవ్వుతాను.”

దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, కూర్మమ్మ మొహం చూసి ఆపేసింది.

ఇంటికి వెళ్ళి పలుగు తెచ్చుకొచ్చింది కూర్మమ్మ. మేస్త్రీ ససేమిరా అన్నాడు. ఆడది పలుగు పట్టడం ఎక్కడైనా ఉందా అన్నాడు. నడుం పట్టేస్తే నా పీకకి చుట్టుకుంటుందన్నాడు. పని కొలవడానికి ఆమదాలవలసలో రైలెక్కి, స్టేషన్నుంచి సైకిలుమీద వచ్చే కుర్ర ఓవర్సీరు అప్పుడే దిగాడు. సంగతి విని విసుక్కున్నాడు. “గొయ్యికి మీసాలుంటాయా మేస్త్రీ? తవ్విన మట్టి కొలువు, అంతే. ఎవరు తవ్వితే నీకేం?” ఆయన ధర్మం మాట్లాడలేదు, ఎండ తప్పించుకోవాలని చూశాడు. అయినా అదే చాలింది.

మొదటి దెబ్బకి పలుగు ఎగిరి వెనక్కి వచ్చింది. నేల రాయిలా ఉంది. చుట్టూ గోతుల్లో నవ్వులు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి, సాయంత్రానికి చితికాయి. దాలమ్మ తన పాతచీర చెంగు చింపి ఆమె చేతులకి కట్టింది. ఊరవతల పేటవాళ్ళని తాకకూడదన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ గుర్తు రాలేదు. తరవాత గుర్తొచ్చినా ఎవరూ కట్టు విప్పలేదు.

ఇంటికొచ్చాక పొయ్యి ఎప్పటిలాగే చల్లగా ఆమె కోసం కాచుకుని ఉంది. జగన్నాధం అరుగుమీంచి, “తిరిగి తిరిగి ఇప్పుడొచ్చావా?” అన్నాడు. అత్త రెండు రోజులు మాట్లాడలేదు, కానీ కాళ్ళకి నీళ్ళు మాత్రం అడిగింది. సావిడి ఊడవలేదేమని కూడా అడిగింది.  నిద్ర లేచింది మొదలు కూర్మమ్మ మనసంతా గోతిలోనే. ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు పరిగెడదామా అని ఒకటే ఆత్రం. ఇదేం పిచ్చి అని తనకే సిగ్గేసింది. తరవాత తరవాత అర్థమైంది. వండింది తినేస్తారు, ఊడ్చింది తొక్కేస్తారు, తెచ్చిన నీళ్ళు తాగేస్తారు. పెళ్ళైన దగ్గర్నుంచి తను చేసిన పని ఒక్కటీ మర్నాటికి మిగల్లేదు. ఈ గొయ్యి మిగిలింది. నిన్న ఎంత తవ్విందో ఇవాళ వెళ్ళి చూస్తే అంతా అక్కడే ఉంది. కొలత కోసం గోతి మధ్య వదిలిన మట్టి దిమ్మ రోజురోజుకీ పొడుగవుతుంటే, దాని పక్కన నిలబడి చూసుకుని పొంగిపోయింది.

సంతరోజున కూలి ఇచ్చారు. గుడారం గుడ్డ కింద గోధుమ బస్తాలు, ముందు జనం. మేస్త్రీ ఒక్కొక్క గొయ్యికీ పేరు పిలుస్తున్నాడు. “జగన్నాధం!” అన్నాడు. కూర్మమ్మ అటూ ఇటూ చూసింది. తెల్లచొక్కా తొడుక్కుని, కండువా సర్దుకుంటూ జనంలోంచి జగన్నాధం వచ్చాడు. జతకి మగవాడి పేరు ఉండాలని మేస్త్రీ ఆయన పేరే పెట్టాడట. కబురు కూడా పెట్టాడట. తవ్విన మనిషికి మాత్రం చెప్పలేదు. జగన్నాధం బస్తా అందుకుని, అందులోంచి ఒక కుంచం కొలిచి, “దాలమ్మా, పట్టు. మనింటి మనిసివి, నిన్ను మర్సిపోతానా?” అన్నాడు. దాలమ్మ వంగి కొంగు పట్టింది. అది సగం కాదు, సగంలో సగం కూడా కాదు. పాలేరు మనిషికి పండగనాడు పెట్టే కుంచం. ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు, నిజానికి తన మంచితనానికి తనే మురిసిపోయాడు.

కుంచం కింద వంగిన దాలమ్మ నడుము చూసేసరికి కూర్మమ్మకి తన నడుమే కనబడింది. తను కూడా ఇన్నాళ్ళూ ఇలాగే కదా కొంగు పట్టింది! ఆయన పెడితే తిన్నాననుకుంది. ఆయన పెట్టింది తన చేత్తో దంచిందే, చెరిగిందే.

ఇంటి దగ్గర అడిగింది. “నా కూలి నువ్వెందుకు తీసుకున్నావు బావా?”

“నీకిస్తే ఏటి, నాకిస్తే ఏటి? ఒకే ఇల్లు కాదేటి?”

“దాలమ్మది కూడా మనిల్లేనా?”

 ఆయన ఇంకో మాట వెతుక్కునేలోగా కూర్మమ్మ బస్తాలో సగం గంపలో పోసి నెత్తికెత్తుకుని దాలమ్మ వాళ్ళ పేట వేపు నడిచింది. వీధిలో అందరూ చూశారు. చూస్తే చూడనీ అనుకుంది.

తిరిగొచ్చేసరికి అత్త గోధుమల్ని బియ్యంలా ఎసట్లో పోసి ఉడకేసింది. ఎంతసేపు చూసినా గంజి రాలేదు, గింజ మెత్తబడలేదు. “ఇదేం ధాన్యమే తల్లీ, సర్కారుకి మనమీద కోపమేటి?” అని గరిట పట్టుకుని దిగాలుగా కూర్చుంది. గింజని నూకచేసి వండాలని ఎవరికీ తెలీదు. చిట్టి ఆ బిరుసు గింజల్నే నమిలి నమిలి రెండోసారి అడిగింది. పిల్ల నోట ‘ఇంకా’ అన్న మాట విని ఎన్నాళ్ళయిందో! కూర్మమ్మ పొయ్యి దగ్గరే కళ్ళు తుడుచుకుంది.

జగన్నాధం తినకుండా కూర్చున్నాడు. చివరికి అన్నాడు: “బస్తా మోసుకొస్తంటే దారిపొడుగునా నవ్వుతన్నారే. పెళ్ళాం తవ్వుతాది, మొగుడు మోసుకుపోతాడంటన్నారు. తలెత్తుకోలేకపోతన్నాను. రేపట్నుంచి నానే తవ్వుతాను. నువ్వు తట్ట మొయ్యి. దాలమ్మని మానిపించేద్దాం.”

ఎంత ఎదురుచూసింది ఈ మాట కోసం! పది రోజుల కిందట ఈ మాట అని ఉంటే ఆయన కాళ్ళకి మొక్కేది. ఆయన పరువు ఆకలికి కరగలేదు, పిల్ల మొహం చూసి కరగలేదు. పెళ్ళాం చేతిలో పలుగు చూసి కరిగింది. తను పస్తుంటే చిన్నబోని మనిషి తను తవ్వితే చిన్నబోయాడు. అలా అని ఆయన చెడ్డవాడా అంటే కాదు. చిట్టికి జ్వరమొస్తే ఊరూరూ ఎత్తుకు తిరిగిన మనిషే. అదే ఆమెకి మరీ కోపం తెప్పించింది. దాలమ్మకి మళ్ళీ ఆ గట్టు పక్కన కూర్చోవడమేనా? జతలో మొగుడొచ్చి చేరితే ఆడది మోతకి తిరిగెళ్ళిపోవడమేనా?  పలుగు తెచ్చి తల దగ్గర పెట్టుకుని పడుకుంది.

మర్నాడు ఆయన లేచేసరికి ఆమె గోతిలో ఉంది. పొద్దెక్కాక జగన్నాధం వచ్చాడు. చొక్కా విప్పి కండువా నడుముకి చుట్టుకున్నాడు. మేస్త్రీ మొహం విప్పారింది. “ఇప్పుడు బాగున్నాది జత!” అన్నాడు. చుట్టుపక్కల పారలు ఆగాయి. దాలమ్మ నెత్తిమీద తట్ట దించి, ఎవరూ చెప్పకుండానే పక్కకి తప్పుకుంది.

జగన్నాధం గోతిలోకి చెయ్యి చాపాడు. “ఇలా తే కూర్మీ.”

కూర్మమ్మ పలుగు కింద పెట్టలేదు.  ఊరంతా ఆ ఒక్క గోతిలోకే తొంగి చూస్తున్నట్టుంది. ఇప్పుడు ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు, బతుకు మళ్ళీ ఎప్పటి దారిలో పడుతుంది. ఆ దారి ఎంత పొడుగో ఆమెకి తెలుసు.

“మేస్త్రీ బాబూ,” అంది పైకి చూసి, “ఈ గొయ్యి కూర్మమ్మది, దాలమ్మది. సంతరోజు ఆ పేర్లే పిలవాల. పిలవకపోతే ఓవర్సీరు బాబు ముందర నానే పిల్చుకుంతాను.” మేస్త్రీ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. “దాలమ్మా, ఎక్కడికెల్తన్నావు? రా, తట్ట నిండింది,” అంది కూర్మమ్మ.

దాలమ్మ కదల్లేదు. ఒకసారి జగన్నాధాన్ని చూసింది, ఒకసారి కూర్మమ్మని చూసింది. తరవాత మెల్లిగా వచ్చి తట్టకి చెయ్యి వేసింది.

“మరి నానేటి సెయ్యాల?” అన్నాడు జగన్నాధం. కోపంగా అనబోయాడు గానీ, నిజంగానే తెలియక అడిగినట్టు వినిపించింది.

“గట్టు దూరమైపోనాది, దాలమ్మ ఒక్కర్తీ మొయ్యలేకపోతంది. అదిగో, అక్కడ రెండో తట్ట ఉన్నాది,” అంది కూర్మమ్మ. “నడుంకి కాదు బావా, ఆ కండువా సుట్ట సుట్టి నెత్తిన పెట్టుకో. లేకపోతే మొదటిరోజే మాడు పగిలిపోతాది.”